ముహమ్మద్ కులీ కుతుబ్‌షా: ప్రేయసులు ఇచ్చిన భాష

కవిత్వానికి కారణాలు ఏవి అని ప్రశ్నించుకొని మన ఆలంకారికులు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అని మూడింటిని పేర్కొన్నారు. నాలుగవదిగా ప్రేమను వారు లెక్కించలేదు. కాని ఏ దేశపు సాహిత్య చరిత్రను తిరగవేసినా, ఒక కవి వెనుక అతని మనస్సును కదిలించిన మరొక మనిషి కనిపించుట సర్వసాధారణం. ఆ మనిషి కవికి ఏమి ఇచ్చినది, కవి ఆ మనిషికి తిరిగి ఏమి ఇచ్చినాడు అన్న విషయాన్ని ఒక జీవితాన్ని ఆధారంగా తీసుకొని పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మేము ఎన్నుకొన్నది గోలకొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా జీవితం. హైదరాబాదు నగర నిర్మాతగా, చార్మినార్ కట్టించిన ప్రభువుగా ఇతనిని ఎరుగని విద్యార్థి ఉండడు. ఉర్దూ భాషలో సంపూర్ణమైన దీవాన్ గల తొలి కవి ఇతడే అన్న సంగతి మాత్రం తెలుగు చదువుకొన్న వారిలో కొందరికే తెలుసు.

కుతుబ్‌షాహీలు ఇరాన్ దేశంలోని హమదాన్ ప్రాంతం నుండి వచ్చిన తుర్కమాన్ వంశీయులు. అయినా ముహమ్మద్ కులీ పుట్టేనాటికి వారి ఇల్లు దక్కను ఇల్లయి పోయినది. తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా యౌవనంలో అన్న జంషీద్‌కు భయపడి గోలకొండ విడిచి, 1543 నుండి 1550 వరకు ఏడేండ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపినాడు. అక్కడనే ఆయనకు తెలుగు రుచి పట్టుబడినది. గద్దె నెక్కిన తరువాత తెలుగు కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడు అనిపించుకొన్నాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చినది ఆయనకే. ఆయన కొలువులోని అమీన్‌ఖాను పొన్నిగంటి తెలగనార్యుని చేత అచ్చ తెలుగులో యయాతి చరిత్ర వ్రాయించి కృతిభర్త అయినాడు. ఇంత ఆదరణ చూపిన ఇబ్రహీమే 1565లో రామరాయలకు ఎదురు నిలిచిన సుల్తానుల కూటమిలో చేరినాడు. రాజకీయం ఒక దారిన, సాహిత్యాభిమానం మరొక దారిన నడిచిన కాలమది.

ఆ యుద్ధం జరిగిన నాటికి కొంచెం ఇటు అటుగా, 1565-66 ప్రాంతంలో ముహమ్మద్ కులీ జన్మించినాడు. 1580లో తండ్రి మరణించగా, పదునైదేండ్ల ప్రాయంలో సింహాసనం ఎక్కినాడు. ముప్పది యొక్క సంవత్సరాలు పాలించినాడు. అతని పాలనలో యుద్ధాలు లేకపోలేదు. మన సీమకు అతని పేరు మొదట చేరినది ఆ యుద్ధాల ద్వారానే. గోలకొండ సేనలు నంద్యాల, గండికోటల మీదుగా నడిచి పెనుకొండను ముట్టడించినవి. ఆ ముట్టడి ఫలించక వెనుదిరిగినవి. యుద్ధం కంటే నిర్మాణమే అతని స్వభావానికి అనుకూలమైనదని చెప్పవచ్చును. గోలకొండ కోటలో జనం కిక్కిరిసి, నీటి కరువు ఏర్పడగా, పీష్వా మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ సహాయంతో మూసీ నదికి దక్షిణాన 1591లో కొత్త నగరానికి పునాది వేసినాడు. హిజ్రీ శకంలో అది 1000వ సంవత్సరం. చార్మినార్, దారుష్షిఫా వైద్యశాల, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఆ నగరంతో పాటు వెలసిన కట్టడాలు.

ఇక కవిగా అతనిని చూతము. రాజ్యభారం వహించిన మనిషి తీరిక వేళలలో నాలుగు గజళ్లు అల్లుట వింత కాదు. ఇతడు వ్రాసినది అటువంటిది కాదు. గజల్, ఖసీదా, మస్నవీ, రుబాయీ, మర్సియా అను ప్రక్రియలన్నింటిలోను వేల కొలది చరణాలు వ్రాసినాడు. మఆనీ అన్నది అతని కవినామాలలో ఒకటి. అతని కుల్లియాత్‌లో ఈద్, షబె బరాత్, నౌరోజ్ పండుగలున్నవి, వసంతోత్సవమున్నది, మృగశిర కార్తెతో తొలకరి రాగానే జరుపుకొనే సంబరమున్నది. ముహమ్మద్ షాహీ తోటలోని చెట్లు, పండ్లు ఉన్నవి. ఖుదాదాద్ మహల్ వంటి మేడలున్నవి. ప్రవక్త అనుగ్రహాన్ని తలచుకొని ముగించిన గజళ్లు అనేకం. వీటన్నిటి మధ్య, వీటన్నిటిని కలిపి కుట్టిన దారము వలె, అతని ప్రేయసులున్నారు.

వారిని అతడు ప్యారీలు అన్నాడు. పండ్రెండు మంది పేర్లు ప్రసిద్ధిగా చెప్పబడుచున్నవి: నన్హీ, సాంవ్లీ, కంవ్లీ, ప్యారీ, గోరీ, ఛబీలీ, లాలా, లాలన్, మోహన్, మహబూబ్, ముష్తరీ, హైదర్ మహల్. నన్హీ అనగా చిన్నది. సాంవ్లీ చామనచాయ కలది. కంవ్లీ కోమలాంగి. గోరీ తెల్లని మేను గలది. ఛబీలీ సొగసుకత్తె. ముష్తరీ అనగా బృహస్పతి గ్రహం. ఈ ప్యారీల మీద అతడు వేరువేరుగా కవితలు వ్రాసినాడు. ఒకరి నడక మరొకరికి లేదు. ఒకరి అలుక మరొకరిది కాదు. పారసీక కవితలో ప్రేయసి తరచుగా ఒక మూసలో పోసిన బొమ్మ: కనుబొమలు విల్లు, చూపులు బాణాలు, నడుము వెంట్రుక, పైగా ఆ భాషలోని సర్వనామం స్త్రీ పురుష భేదం చూపదు. ముహమ్మద్ కులీ ప్రేయసి స్పష్టంగా స్త్రీ. ఆమె దక్కను దేశంలో పుట్టినది. ఇక్కడి వానలో తడిసినది, ఇక్కడి నగలు ధరించినది. చామనచాయ మేనికి ఒక ప్రత్యేక కవిత కట్టుట పారసీక సంప్రదాయం నేర్పిన పని కాదు. కంటి యెదుట ఒక మనిషి ఉండుట వలన జరిగిన పని.

మా అభిప్రాయంలో ఈ స్త్రీలు అతనికి ఇచ్చిన కానుకలలో అన్నింటి కంటె విలువైనది వస్తువు కాదు, భాష. గోలకొండ దర్బారు భాష పారసీకం. ఫర్మానాలు అందులోనే, చరిత్రలు అందులోనే, పండితుల గోష్ఠి అందులోనే. కీర్తి కోరిన కవి పారసీకంలో వ్రాయవలెను. ఇరాన్ దాకా పేరు ప్రాకవలెనన్న అదే మార్గం. ముహమ్మద్ కులీ పారసీకం ఎరిగినవాడే, అందులో వ్రాసినవాడే. కాని అతని కుల్లియాత్‌లో అధిక భాగం దక్కనీలో నడచినది. దక్కనీ అప్పటికి బజారు భాష, సైనికుల భాష, సూఫీ సాధువులు సామాన్యులకు బోధించిన భాష, ముఖ్యంగా ఇంటి భాష. అంతఃపురంలో నవ్వులు, కోపాలు, బుజ్జగింపులు జరిగిన భాష అదే అయి ఉండవలెను. ప్రియురాలితో మాట్లాడిన మాటనే కవితలో పెట్టదలచిన వానికి దర్బారు భాష అక్కరకు రాదు. ప్రభువే ఇంటి భాషలో దీవాన్ కట్టగా, ఆ భాషకు సభలో పీట వేసినట్లయినది. అతని ఆస్థానంలోనే వజ్‌హీ, గవ్వాసీ వంటి కవులు పెరిగినారు.

ఇటువంటి సంఘటన లోకంలో ఇది ఒక్కటే కాదు. ఇటలీ దేశపు మహాకవి దాంతే బియాత్రిచే అను స్త్రీని ప్రేమించినాడు. ఆమె 1290లో చిన్న వయస్సులోనే మరణించినది. ఆమెను గూర్చి అతడు వ్రాసిన నవజీవనం అను గ్రంథంలో ఒక ముఖ్యమైన విషయమున్నది. లాటిన్ రాని స్త్రీకి తన మాట అర్థం కావలెనన్న కోరిక వల్లనే కవులు ప్రజల భాషలో కవిత చెప్పుటకు మొదలుపెట్టినారని అతడు అందులో అభిప్రాయపడినాడు. గోలకొండకు ఆ గ్రంథం చేరిన జాడ లేదు. అయినా మూడు వందల ఏండ్ల తరువాత మూసీ తీరాన జరిగినది దాదాపు అదే. మన సీమలోనే మరొక పోలిక దొరుకుచున్నది. కడప మండలం తాళ్లపాకలో పుట్టి 1503లో పరమపదించిన అన్నమాచార్యుడు తన శృంగార సంకీర్తనలలో నాయిక గొంతుతో, పల్లె పడుచుల పలుకుబడితో పాడినాడు. ముహమ్మద్ కులీ కూడ పలు గజళ్లలో స్త్రీ గొంతు ధరించి ప్రియుని కోసం వేగిపోయినాడు. భక్తి వేరు, భోగం వేరు. మతం వేరు, మార్గం వేరు. స్త్రీ హృదయం పలికిన మాటను సాహిత్య భాషగా చేసుకొన్న దక్షిణ దేశపు పద్ధతి మాత్రం ఇద్దరిలోను కనిపించుచున్నది.

ఇక్కడ భాగమతి కథను ముట్టకుండ ముందుకు సాగుట సాధ్యం కాదు. విద్యార్థులు చలనచిత్రాల వలన, నవలల వలన ఎరిగిన కథ ఇది. మూసీ ఆవలి ఒడ్డున చించలం గ్రామంలో భాగమతి అను నర్తకి ఉండెడిదట. యువరాజు ఆమెను వలచి, ఉప్పొంగిన నదిలో గుర్రం దూకించి ఆమె కడకు పోయినాడట. కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి నదిపై వంతెన కట్టించినాడట. రాజైన తరువాత ఆమె పేర భాగ్‌నగరం కట్టి, ఆమెకు హైదర్ మహల్ అను బిరుదు నిచ్చి, నగరానికి హైదరాబాదు అని పేరు మార్చినాడట. వినుటకు ఎంతో ఇంపైన కథ. దీనిని తూచి చూచుట విద్యావంతుల విధి.

వంతెన 1578లో పూర్తయినది. పురానాపూల్ పేరుతో అది నేటికీ నిలిచి ఉన్నది. అప్పటికి యువరాజునకు పండ్రెండు పదమూడేండ్లు. ఆ వయస్సు బాలుని ప్రేమ కోసం తండ్రి నదికి వంతెన కట్టించినాడనుట నమ్మశక్యం కాదు. కోటకు దక్షిణ ప్రాంతంతో రాకపోకల కోసం కట్టించినాడనుట సహజం. అట్లని భాగమతి పేరు తరువాతివారి కల్పన అని త్రోసివేయుటకు కూడ వీలులేదు. అక్బరు చక్రవర్తి రాయబారిగా దక్కనుకు వచ్చిన కవి ఫైజీ 1590ల తొలి యేండ్లలోనే, బీజాపూరులో చరిత్ర వ్రాసిన ఫెరిష్తా కొంత తరువాత, ఈ నగరం ఒక ప్రేయసి పేర వెలసినదని వ్రాసినారు. వారిద్దరు గోలకొండ వారు కారు, విన్నది వ్రాసినవారు. గోలకొండలోనే వ్రాయబడిన కుతుబ్‌షాహీ చరిత్రలో ఆమె ప్రస్తావన లేదు. ఆమె సమాధి లేదు, శాసనం లేదు. ఈ ఆధారాలను ముందుంచుకొని డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు కథను సమర్థించినారు. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వాణీ గారు కాదన్నారు. హైదర్ అన్నది హజ్రత్ అలీ బిరుదు గనుక నగరానికి ఆ పేరు భక్తి వలన వచ్చినదని కాదనువారి వాదం. ఆస్థాన కవి వజ్‌హీ 1609లో రచించిన ఖుతుబ్ ముష్తరీ అను మస్నవీలో సుల్తాను ప్రేమకథ ఉన్నది గాని, అందలి నాయిక బెంగాలు రాకుమారి. ముష్తరీ అన్న ముసుగు వెనుక ఉన్నది భాగమతియేనని కొందరి ఊహ.

వాదం తేలకపోయినను మాకు ఒక విషయం స్పష్టంగా కనిపించుచున్నది. ఇంత గొప్ప కవికి స్ఫూర్తి నిచ్చిన స్త్రీ ఉన్నదో లేదో అని నాలుగు శతాబ్దాల తరువాత పండితులు తగవులాడవలసి వచ్చినది. పండ్రెండుగురు ప్యారీల స్థితి అంతకంటె మెరుగు కాదు. మనకు మిగిలినవి ముద్దు పేర్లే. చామనచాయ పిల్లను కన్నతల్లి ఏమని పిలిచినదో తెలియదు. ఆమె ఏ ఊరిది, ఏ భాష మాట్లాడినది, ఆ మేడలోనికి ఇష్టపడి వచ్చినదా, రాక తప్పక వచ్చినదా అన్న ప్రశ్నకు కుల్లియాత్‌లో జవాబు లేదు. సుల్తాను ప్రేమకు కాదని చెప్పగల స్త్రీలు ఆ కాలంలో ఎందరుందురు? కవితలో వారు అలుగుదురు, నవ్వుదురు, ఎదురుచూతురు. వారి సొంత మాట మాత్రం ఒక్కటి కూడ మన దాకా రాలేదు. కవి వారి నుండి భాషను పుచ్చుకొన్నాడు. బదులుగా వారికి పేరు కూడ దక్కలేదు. ఈ ఋణాన్ని గుర్తింపక అతని కవిత్వాన్ని మెచ్చుకొనుట సగం మెప్పే అగును. అతని భోగ జీవితాన్ని ఆదర్శంగా చూపుట మా ఉద్దేశం కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

అతని జీవితంలో చరిత్రకు చక్కగా తెలిసిన స్త్రీ ఒకరున్నారు. ఆమె ప్రేయసి కాదు, కుమార్తె. ఏకైక సంతానమైన హయాత్ బఖ్షీ బేగంను 1607లో తన సోదరుని కుమారుడైన సుల్తాన్ ముహమ్మద్‌కు ఇచ్చి వివాహం చేసినాడు. 1626లో భర్త మరణించి, చిన్న వయస్సు కొడుకు అబ్దుల్లా గద్దె నెక్కినప్పుడు రాజ్యాన్ని నడిపించిన శక్తి ఆమెయే. ప్రజలు ఆమెను మా సాహెబా అన్నారు. హయాత్‌నగర్, అక్కడి మసీదు, మా సాహెబా తాలాబ్ అన్న మాట నుండి వచ్చిన మాసాబ్ ట్యాంక్ ఆమె పేరును నేటికీ మోయుచున్నవి. 1667లో మరణించిన ఆమెకు కుతుబ్‌షాహీ సమాధులలో గొప్ప గుంబజు ఉన్నది. తానే పనులు చేసిన స్త్రీ పేరు నిలిచినది. ఇతరుని పనికి ప్రాణం పోసిన స్త్రీల పేర్లు చెరిగిపోయినవి.

ముహమ్మద్ కులీ 1612 జనవరిలో మరణించినాడు. అప్పటికి అతనికి ఏబది యేండ్లు కూడ నిండలేదు. అతని రచనలను ఏర్చి కూర్చి 1616లో కుల్లియాత్‌గా సిద్ధపరచినవాడు అల్లుడైన సుల్తాన్ ముహమ్మదే. స్వభావంలో మామకు భిన్నంగా నిష్ఠాపరుడుగా పేరొందిన ఆ అల్లుడు, మామ ప్రేమ కవితలను దాచక, కాల్చక, భద్రపరచుట మనం స్మరింపదగిన విషయం. తరువాత 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. దక్కనీ మర్యాద తగ్గినది. 1880లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ వ్రాసిన ఆబె హయాత్ ఉర్దూ కవిత్వ చరిత్రను వలీతో మొదలుపెట్టినది. వలీకి దాదాపు నూరేండ్ల ముందే దీవాన్ కట్టిన సుల్తాను మరుగుననే ఉండిపోయినాడు. 1940లో జోర్ గారు కుల్లియాత్‌ను పరిష్కరించి ప్రకటించిన తరువాత, 1985లో ఆచార్య సయ్యదా జాఫర్ గారు మరల పరిష్కరించిన తరువాత, అతనికి న్యాయమైన స్థానం లభించినది. ప్యారీల గాథను శ్రద్ధగా అచ్చులోనికి తెచ్చినవారిలో ఒక విదుషి ఉండుట మాకు సంతోషకరం.

ఈ జీవితం నుండి కర్నూలు, కడప విద్యార్థులు గ్రహింపవలసినది ఏమి? మన ఇండ్లలో నేటికీ వినబడు నక్కో, హౌ అను మాటలను, బాతాఁ, లోగాఁ అను బహువచనాలను విని, ఇది సరియైన ఉర్దూ కాదని నవ్వువారు కలరు. మన పిల్లలు కూడ నలుగురిలో ఆ మాటలు దాచుకొందురు. సీమ తెలుగును గూర్చియు ఇట్టి చిన్నచూపే ఉన్నది. తల్లి వంటింట పలికిన భాషను గడప దాటగానే విడిచిపెట్టుట మర్యాద అని మనకెవరో నేర్పినారు. అటువంటి బహువచనాలతోనే, అటువంటి పలుకుబడితోనే ఉర్దూలో తొలి దీవాన్ పుట్టినది. గోలకొండ సైనికులతో, సూఫీలతో, వర్తకులతో మన సీమకు చేరి, తెలుగు నీడలో పెరిగిన ఆ దక్కనీకి సిగ్గుపడవలసిన కారణమేదియు లేదు. ఒక చక్రవర్తి దర్బారు భాషను ప్రక్కన పెట్టి, తాను ప్రేమించిన వారికి అర్థమగు భాషను పట్టుకొన్నందువల్లనే ఈనాడు మనం అతనిని చదువుచున్నాము.

కాబట్టి కలము పట్టు మన విద్యార్థులకు మేము చెప్పునది రెండు మాటలు. మీరు ఎవరిని తలచుకొని వ్రాయుదురో, తల్లి గాని, తోబుట్టువు గాని, రేపటి జీవిత సహచరి గాని, సహచరుడు గాని, వారికి అర్థమగు భాషలో వ్రాయుడు. వ్రాసిన తరువాత వారి ఋణాన్ని మరువకుడు. వారిని ముద్దు పేరుతో అలంకరించుట సులభం. వారి సొంత పేరును, సొంత మాటను నిలుపుట కష్టం. ముహమ్మద్ కులీ మొదటి పని చేసి అమరుడైనాడు. రెండవ పనిని అతడు మనకు వదలి వెళ్లినాడు.